కత్తి తీసిన రథం

వస్తువుకు పేరు దేనివల్ల వస్తుంది, వస్తువు మారిపోయిన తరువాత ఆ పేరు దేనిని ఆశ్రయించి నిలుస్తుంది అనే ప్రశ్న తర్కశాస్త్రంలోనూ మతచింతనలోనూ చాలా ప్రాచీనమైనది. దానిని విచారించిన పూర్వులు అందని పదార్థాల జోలికి పోక కుండ, బట్ట, రథం, దీపం, గొడ్డలి వంటి చేతికందే వస్తువులనే ఎదుట పెట్టుకొన్నారు. మనిషి తాను చేసిన వస్తువు దగ్గరనే తేల్చుకోలేని ప్రశ్నను తన ఆత్మ దగ్గర తేల్చుకోగలడని ఆశించడం కష్టం గనుక ఆ పద్ధతి సమంజసమైనదే. ఆ వరుసలో చేర్చి ఆలోచించదగిన వస్తువు ఒకటి అమెరికాలో, ముఖ్యంగా దాని మధ్యపశ్చిమ రాష్ట్రాలలో, ఇళ్ల వెనుక షెడ్లలో తయారవుతున్నది. అది మనిషి కూర్చుని నడిపే పాత గడ్డికోత యంత్రాన్ని విప్పి, దాని చట్రం మీదనే తిరిగి కట్టుకొనే చిన్న హాట్‌రాడ్ బండి. పైకి వినోదంగా కనిపించే ఈ పని, వస్తువు తన వృత్తిని కోల్పోయిన తరువాత కూడా తానుగా ఉండగలదా, ఉంటే దానిని అలా నిలిపేది ఏమిటి అనే ప్రశ్నను, పుస్తకాలలోని పాత ఉదాహరణల కంటే కొన్ని విషయాలలో మరింత పదునుగా ముందుకు తెస్తుంది.

పచ్చికను సమంగా కత్తిరించే యంత్రాన్ని 1830లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో ఎడ్విన్ బడింగ్ రూపొందించాడు. ఆ ప్రాంతపు ఉన్నిబట్టల మిల్లుల్లో, నేసిన బట్ట మీద లేచిన నూగును కత్తిరించడానికి చుట్టూ కత్తులు అమర్చిన దొర్లుడు యంత్రం ఒకటి ఉండేది. నూగును కోసే ఆ పద్ధతినే అతడు గడ్డికి మళ్లించాడు. అంటే గడ్డికోత యంత్రం పుట్టుకలోనే ఒక మార్పిడి ఉంది, అది మొదటినుంచీ మరొక పనిముట్టు నుంచి వేరుపడి వచ్చిన వస్తువే. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికా నగరాల శివార్లలో ముందూ వెనుకా పచ్చిక ఉన్న ఇళ్లు వ్యాపించడంతో, తోసుకుంటూ నడిచే యంత్రానికి బదులు ఎక్కి కూర్చొనే యంత్రానికి గిరాకీ పెరిగింది. 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ కబ్ క్యాడెట్‌ను, 1963లో జాన్ డీర్ సంస్థ 110 అనే నమూనాను మార్కెట్టులోకి తెచ్చాయి. ఆ తరువాత చౌకగా తయారైన రకాలలో సాధారణంగా కనిపించే నిర్మాణం ఇలా ఉంటుంది: వంచిన ఉక్కురేకుతో చేసిన చట్రం, దాని మీద ఇరుసు కిందికి నిలువుగా దిగే చిన్న ఇంజను, ఆ ఇరుసుకు తగిలించిన పుల్లీల నుంచి ఒక బెల్టు వెనుక చక్రాల గేరుపెట్టెకు, మరొక బెల్టు పొట్ట కింద వేలాడే కత్తుల పళ్లేనికి. ఈ కత్తుల పళ్లేన్నే అక్కడివారు డెక్ అంటారు. యంత్రమంతా ఆ డెక్ కోసమే ఉంది. తక్కినదంతా దానిని మోయడానికీ తిప్పడానికీ ఏర్పడినదే.

హాట్‌రాడ్ అనేది మరొక చరిత్ర నుంచి వచ్చింది. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా యువకులు చౌకగా దొరికే పాత ఫోర్డు కార్లను కొని, మడ్‌గార్డులు మొదలుకొని బరువని తోచినదంతా ఊడదీసి, ఇంజనుకు పదును పెట్టి, మ్యురాక్ వంటి ఎండిన సరస్సుల చదును నేలమీద వేగం పరీక్షించుకొనేవారు. 1937లో అక్కడి క్లబ్బులు ఒక సంఘంగా ఏర్పడ్డాయి; 1948 జనవరిలో హాట్‌రాడ్ పేరుతోనే ఒక పత్రిక మొదలైంది. ఈ కళకు మూలమూర్తిగా నిలిచినది 1932 నాటి ఫోర్డు; సామాన్యుడు కొనగల ధరలో 8 సిలిండర్ల ఇంజనుతో వచ్చిన మొదటి కారు అది, దాని శక్తి 65 గుర్రాలు. ఇక్కడ ముఖ్యంగా గమనించవలసినది, హాట్‌రాడ్ కొత్త బండి కాదు, కాకూడదు కూడా. దాని కింద ఒక పాతబండి ఉండి తీరాలి. అదే రూపంలో ఫైబరుతో కొత్తగా పోతపోసిన ఒళ్లును వాడితే, అది చూడటానికి ఎంత బాగున్నా, ఫోర్డు కర్మాగారంలో ఒత్తిన అసలు ఉక్కు ఒంటికి ఇచ్చే గౌరవాన్ని ఆ విద్య తెలిసినవారు దానికి ఇవ్వరు. కాబట్టి మారిన వస్తువు ఏ అర్థంలో పాత వస్తువు అనే ప్రశ్న ఈ కళకు బయటినుంచి తత్త్వవేత్తలు తెచ్చిపెట్టినది కాదు, ఆ కళ లోపలే ఉన్నది.

గడ్డికోత యంత్రాన్ని హాట్‌రాడ్‌గా మార్చేటప్పుడు మొదట ఊడదీసేది డెక్‌నే. ఆ తరువాత చట్రాన్ని కోసి పొడిగించడం, ముందు ఇరుసును ఇంకా ముందుకు జరిపి బండిని నేలకు దించడం, వెనుక పెద్ద చక్రాలు ముందు చిన్న చక్రాలు తగిలించి ముక్కు వాల్చడం, ఇంజను పుల్లీని పెద్దదిగానో గేరుపెట్టె పుల్లీని చిన్నదిగానో మార్చి వేగం పెంచడం, పొగగొట్టాన్ని పైకి నిలబెట్టడం, ముందు భాగానికి పాత ఫోర్డు జాలీని తలపించే జాలీ అమర్చడం వంటివి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అయితే వీటిలో ఏదీ మొదటి పనితో సమానమైనది కాదు. చక్రం మారినా, రంగు మారినా, చివరికి ఇంజను మారినా అది గడ్డి కోయగలదు. కత్తి పోయిన క్షణం నుంచి మాత్రం అది పుట్టిన పనిని ఇక చేయలేదు.

ఈ క్షణం గురించి అరిస్టాటిల్‌కు స్పష్టమైన అభిప్రాయం ఉంటుంది. ఆత్మను గురించిన తన గ్రంథంలో అతడు గొడ్డలిని ఉదాహరణగా తీసుకొని, నరకగలగడమే గొడ్డలి స్వరూపమనీ, ఆ శక్తి పోయిన గొడ్డలి పేరుకు మాత్రమే గొడ్డలి అనీ వాదించాడు. కన్నుకు చూపు ఎలాంటిదో దేహానికి ఆత్మ అలాంటిదని చెప్పడానికి అతనికి ఆ గొడ్డలి అవసరమైంది. ప్రకృతిని గురించిన మరొక గ్రంథంలో మంచం ఉదాహరణ ఉంది: మంచాన్ని నేలలో పాతితే, కుళ్లిన ఆ కొయ్యకు చిగురించే శక్తి వస్తే, మొలిచేది చెట్టే గాని మరొక మంచం కాదు. మనిషి చేసిన వస్తువుకు తనలోనుంచి తాను ఎదిగే స్వభావం లేదనీ, దాని రూపం పైనుంచి వచ్చిందనీ దాని తాత్పర్యం. ఈ లెక్కన షెడ్డు మూల తుప్పు పడుతున్న గడ్డికోత యంత్రం మెల్లగా ఇనుముగా తిరిగిపోతున్నది. కత్తి తీసినవాడు ఆ మరణాన్ని త్వరపెట్టి, మిగిలిన ఇనుముతో మరొక వస్తువు చేస్తున్నాడు. వాదం బలమైనదే. కానీ ఒక చోట అది అనుభవానికి పొసగదు. ఆ బండిని చేసినవాడూ, దానిని చూసినవాడూ దానిని గడ్డికోత యంత్రమనే పిలుస్తారు, అలా పిలవడంలోనే దాని విలువంతా ఉన్నదని భావిస్తారు. పేరుకు మాత్రమే అని అరిస్టాటిల్ పక్కన పెట్టిన ఆ పేరు ఇక్కడ ఖాళీ మాట కాదు, అది ఏదో పని చేస్తున్నది. ఆ పని ఏమిటన్నదే అసలు విషయం.

పేరు చేసే పనిని గురించి భారతదేశంలో జరిగినంత లోతైన చర్చ మరెక్కడైనా జరిగిందా అన్నది సందేహమే, ఆ చర్చకు ఆధారమైన వస్తువు కూడా బండే కావడం విశేషం. మిళిందపఞ్హ అనే పాళీ గ్రంథంలో యవనరాజు మెనాండర్‌తో మాట్లాడుతూ నాగసేనుడనే భిక్షువు, రాజు ఎక్కివచ్చిన రథాన్ని పట్టుకొని ప్రశ్నలు వేస్తాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా, వీటన్నిటి కుప్ప రథమా, వీటికి వెలుపల వేరే రథమున్నదా అని అడిగి, దేనికీ అవునని చెప్పలేని రాజు చేతనే, ఈ భాగాలను ఆశ్రయించి రథమనే వ్యవహారం ఏర్పడుతున్నదని ఒప్పిస్తాడు. మనిషి విషయమూ అంతేనని ఆ సంవాదం సారం. తరువాత 7వ శతాబ్దంలో చంద్రకీర్తి అనే బౌద్ధాచార్యుడు ఇదే రథాన్ని ఏడు విధాలుగా వెదికి, రథం తన భాగాల కంటే వేరు కాదు, వాటితో ఒకటీ కాదు, వాటి ఆకారమూ కాదు అని తేల్చి, అయినా లోకవ్యవహారంలో రథాన్ని విచారణ లేకుండా అంగీకరించాలని ముగించాడు. చంద్రకీర్తి అనుసరించిన మార్గానికి మూలపురుషుడు ఆచార్య నాగార్జునుడు. కృష్ణాతీరంలోని శ్రీపర్వతంతో సంప్రదాయం అతని పేరును ముడిపెట్టింది. అతడు శూన్యత అన్న మాటకు లేమి అని అర్థం కాదు, మరొకదాని మీద ఆధారపడకుండా తనంత తానుగా నిలిచే స్వభావం ఏ వస్తువుకూ లేదని అర్థం. ఆ దృష్టితో చూస్తే గడ్డికోత యంత్రానికి గడ్డి కోయడం కూడా స్వభావం కాదు. కత్తి, బెల్టు, ఇంజను, పచ్చిక, ఆ పచ్చికను పొట్టిగా ఉంచాలన్న ఇరుగుపొరుగుల పట్టుదల కలిసినప్పుడు కలిగిన ఒక స్థితి మాత్రమే.

న్యాయవైశేషికులు దీనిని అంగీకరించరు. వారి సిద్ధాంతంలో అవయవాలు కలిసినప్పుడు అవయవి అనే కొత్త ద్రవ్యం నిజంగానే పుడుతుంది. అవయవి అంటే భాగాలలో ఉంటూ భాగాల కంటే వేరైన సమగ్రవస్తువు. దారాలలో పుట్టిన బట్ట దారాల కుప్ప కాదు. ఈ శాస్త్రానికి ప్రవేశద్వారంగా దేశమంతటా చదివే తర్కసంగ్రహాన్ని రచించిన అన్నంభట్టు తెలుగువాడు. అవయవి సత్యమని నిలబెట్టినందుకు తార్కికులు ఒక కఠినమైన మూల్యం చెల్లించవలసి వచ్చింది: ఒక్క దారం లాగినా పాతబట్ట నశించి, ఖండపటం అనే మరొక బట్ట పుట్టిందని వారు ఒప్పుకోవలసిందే. డెక్‌ను పట్టి ఉంచిన చివరి బోల్టు ఊడినప్పుడే పాత యంత్రం నశించి, కత్తి లేని మరొక యంత్రం ఆ క్షణంలో పుట్టిందని వారు చెప్పాలి. మరి ఇది అదే అనే ఎరుక ఎందుకు కలుగుతుంది? పూర్వం చూసిన వస్తువును మళ్లీ చూసి గుర్తుపట్టే ఆ జ్ఞానానికి ప్రత్యభిజ్ఞ అని పేరు. స్థిరమైన వస్తువు ఉన్నదనడానికి దానినే ప్రమాణంగా చూపేవారికి బౌద్ధులు ఇచ్చిన సమాధానం, కత్తిరించిన తరువాత మళ్లీ పెరిగిన వెంట్రుకలను చూసి కూడా మనిషి అవే వెంట్రుకలు అంటాడు, పోలిక వల్ల కలిగిన భ్రమే ఆ ఎరుక అని. ప్రస్తుత విషయానికి ఈ ఉదాహరణ అమరినంతగా మరేదీ అమరదు, ఎందుకంటే పచ్చికబయలు కూడా వారం వారం కోయబడి వారం వారం మొలిచే వెంట్రుకల వంటిదే. దానిని అదే పచ్చిక అని నమ్మించడానికే ఈ యంత్రం దశాబ్దాల పాటు పనిచేసింది. అయితే మార్చిన యంత్రం విషయంలో బౌద్ధుల సమాధానం సరిపోదు. అక్కడ పోలిక చాలావరకు పోయింది, భ్రమపడేందుకు ఆధారం లేదు; అంతా తెలిసి, ఏ బోల్టు ఎప్పుడు ఊడిందో లెక్క చెప్పగల మనిషే ఇది అదే అంటున్నాడు.

పూరీ జగన్నాథుని రథాలను పక్కన నిలిపి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. 16 చక్రాల నందిఘోష, 14 చక్రాల తాళధ్వజం, 12 చక్రాల దర్పదళనం ఏటేటా కొత్త కొయ్యతో తయారవుతాయి. ద్రవ్యం దాదాపు అంతా కొత్తది. రూపం, పని, పేరు పాతవి. అక్కడ రథం నిరుటిదేనా అని ఎవరూ అడగరు. గడ్డికోత యంత్రంలో వరుస తలకిందులవుతుంది: ద్రవ్యంలో కొంత పాతది, రూపమూ పనీ కొత్తవి, పేరు మాత్రం పాతదే. నాగార్జునకొండ దగ్గర మూడవ విధమైన ఉదాహరణ ఒకటి ఉంది. 1955లో నాగార్జునసాగర్ డ్యాముకు శంకుస్థాపన జరిగిన తరువాత, నీట మునగబోయే ఇక్ష్వాకుల నాటి విజయపురి కట్టడాలలో కొన్నింటిని రాయి రాయిగా విప్పి తెచ్చి, కొండ మీదా అనుపు దగ్గరా తిరిగి పేర్చారు. రాళ్లు అవే, పేర్పు అదే, చోటు వేరు. విహారంలో భిక్షువులు లేరు గనుక పని కూడా లేదు. స్వభావం లేదని బోధించిన ఆచార్యుని పేరు మోసే చోట, విహారం ఏ అర్థంలో అదే విహారం అనే ప్రశ్న ఇంత నిండుగా నిలబడి ఉండటం కంటే ఆలోచనకు మంచి తావు తెలుగునాట మరొకటి లేదనిపిస్తుంది.

వీటికి తోడుగా ఒక బోల్టు కూడా మార్చకుండా యంత్రం రథమైన సందర్భమూ ఉంది. 1994లో అయోవా రాష్ట్రంలోని లారెన్స్ నుంచి విస్కాన్సిన్‌లోని మౌంట్ జాయన్ వరకు, దాదాపు 240 మైళ్లు, 73 ఏళ్ల ఆల్విన్ స్ట్రెయిట్ తన గడ్డికోత యంత్రం మీద ప్రయాణం చేశాడు. చూపు మందగించి కారు నడిపే లైసెన్సుకు అర్హత లేని అతడు, పక్షవాతం వచ్చిన అన్నను చూడటానికి వెళ్లాడు. ప్రయాణానికి సుమారు 6 వారాలు పట్టింది. 1999లో డేవిడ్ లించ్ ఈ వృత్తాంతాన్ని ది స్ట్రెయిట్ స్టోరీ పేరుతో సినిమాగా తీశాడు. ఆ యంత్రపు భాగాలలోగాని ఆకారంలోగాని తత్త్వవేత్త వెదకదగిన మార్పు ఏదీ లేదు, అయినా ఆ 6 వారాలు అది గడ్డి కోసే వస్తువని అనడం ఎవరికీ తోచదు. మారినది దానిని ఎక్కినవాడు దాని నుంచి కోరుకొన్నది.

ఈ ఉదాహరణలన్నీ ఒక చోటికి చేరుతున్నాయి. పేరును నిలిపేది ద్రవ్యం కాదని పూరీ రథం చెబుతున్నది. ఆకారమూ పనీ కావని మార్చిన యంత్రం చెబుతున్నది. మిగిలినది ఒక మనిషికి ఆ వస్తువుతో ఉన్న సంబంధం, ఆ సంబంధాన్ని అతడు చేతలతో కొనసాగించే తీరు. తెలుగులో దీనికి సరిపోయే మాట సిద్ధంగా ఉన్నది, అది శ్రద్ధ. ఈ మాటకు రెండు అర్థాలు విడిపోకుండా కలిసి ఉన్నాయి: శాస్త్రం పరిభాషలో అది విశ్వాసం, వాడుకలో అది ఒళ్లు దగ్గర పెట్టుకొని చేసే పనిలోని మనసు. భగవద్గీత 17వ అధ్యాయం మనిషిని శ్రద్ధతో నిండినవాడిగా, అతని శ్రద్ధ ఎటువంటిదో అతడు అటువంటివాడిగా వర్ణించింది. పోయినవారికి ఏటా పెట్టే శ్రాద్ధమనే పేరు కూడా ఈ శ్రద్ధనుంచి వచ్చినదే. దేహం లేకపోయినా సంబంధం లేకుండా పోలేదని చేతితో చేసి చూపడమే ఆ కర్మలోని అర్థం. మార్పిడికి ఎంచుకొనే యంత్రం చాలాసార్లు తండ్రో తాతో దశాబ్దాలు నడిపినది, కొత్తది కొన్నాక షెడ్డులో వదిలేసినది అయి ఉంటుంది. దానిని తుక్కువాడికి తూకానికి అమ్మితే సంబంధం అక్కడితో తెగుతుంది. దానిని మార్చేవాడు పాత బానెట్‌నో, స్టీరింగు చక్రాన్నో, వెలిసిన రంగు ఉన్న ఒక రేకునో కావాలని అలాగే ఉంచుతాడు. అది అందం కోసం మాత్రమే కాదు, దేనిని మార్చాడో మరచిపోలేదని చెప్పడానికి కూడా. ఆ రేకు ఉన్నంతకాలం ప్రత్యభిజ్ఞ భ్రమ కాదు. అది ఒక మనిషి కావాలని నిలబెట్టుకొన్న సాక్ష్యం.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. శ్రద్ధ అని పేరు పెట్టి మనిషి తనకు తోచినదంతా వస్తువు మీద రుద్దవచ్చు గదా, ఆ వస్తువుకు తనదంటూ ఏ హద్దూ లేదా? హద్దు ఉన్నది, దానిని యంత్రమే చూపిస్తుంది. గడ్డికోత ఇంజనులో గవర్నరు అనే వేగనియంత్రకం ఉంటుంది. ఇంజను తిరిగేకొద్దీ దానిలోని చిన్న బరువులు బయటికి విచ్చుకొని, ఒక మీట ద్వారా ఇంధనపు దారిని మూస్తాయి. వేగం తగ్గితే ఎదురుగా ఉన్న స్ప్రింగు ఆ దారిని తెరుస్తుంది. సాధారణంగా నిమిషానికి 3,600 చుట్లకు మించకుండా అది ఇంజనును పట్టి ఉంచుతుంది. దాని పని అణచడం ఒక్కటే అనుకోవడం పొరపాటు. దట్టమైన గడ్డి తగిలి ఇంజను కుంగబోతే శక్తి పెంచేదీ అదే, పలచటి చోట తగ్గించేదీ అదే. కోత సమంగా రావాలని పెట్టిన సమత్వసాధనం అది. కత్తి పోయాక ఆ సమత్వానికి కారణం పోతుంది గనుక, వేగం కోరేవారు మొదట దాని మీదనే చేయి వేస్తారు. కానీ తిరిగే వస్తువులో చీల్చే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. పోతపోసిన ఫ్లైవీల్, అంటే ఇంజను ఇరుసుకు బిగించిన బరువైన చక్రం, అంత వేగానికి పగిలి ముక్కలుగా ఎగిరిపోవచ్చు. పిస్టన్‌ను పట్టే అల్యూమినియం కడ్డీ విరగవచ్చు. నడకవేగం కంటే కాస్త ఎక్కువకు సరిపడేలా చేసిన బ్రేకు, స్టీరింగు కూడా నిలవవు. అందుకే విద్య తెలిసినవారు గవర్నరును ముట్టుకొనే ముందు గట్టి ఉక్కు ఫ్లైవీల్, బలమైన కడ్డీ, డిస్కు బ్రేకు, నెమ్మదిగా తిరిగే స్టీరింగు సమకూర్చుకొంటారు.

కఠోపనిషత్తులోని రథం ఈ సందర్భంలో తప్పక స్ఫురిస్తుంది. అక్కడ దేహం రథం, ఆత్మ అందులో కూర్చున్న ప్రభువు, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు. గుర్రాలను చంపమని ఆ ఉపనిషత్తు చెప్పదు, పగ్గాలు సారథి చేతిలో ఉన్నాయా అని మాత్రమే అడుగుతుంది. కర్మాగారం యంత్రంలో పగ్గాలను ఇనుములోనే బిగించి ఇచ్చింది. నడిపేవాడు ఎలాంటివాడో దానికి తెలియదు, అందుకే ఎవరు కూర్చున్నా ఒకే నిగ్రహం. సీటుమీద నుంచి మనిషి లేస్తే యంత్రం ఆగిపోయే స్విచ్చు కూడా అటువంటి నిగ్రహమే. గవర్నరు తీసినవాడు నిగ్రహాన్ని తీసివేయలేదు, ఇనుములోనుంచి తన చేతిలోకి బదిలీ చేసుకొన్నాడు. కొంతవరకు మఠనియమాల మధ్య బతికినవాడు ఆ నియమాలు లేని చోట బతకడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే: నియమం తగ్గినచోట దేహమూ మనసూ ముందే గట్టిపడి ఉండాలి. గడ్డికోత యంత్రాలతో పందేలు నడిపే సంఘాలు కత్తులు తీసి తీరాలని నియమం పెట్టడం ఊరికే కాదు. నడిపేవాడు పడిపోతే ఇంజను ఆగిపోయేలా ఒక తాడును ఒంటికి కట్టుకోవాలన్న ఏర్పాటు కూడా, తీసిన పగ్గానికి బదులు మరొక పగ్గం కట్టడమే. పగ్గమేదీ మిగల్చకుండా వేగం ఒక్కటే తీసుకొనేవాడి పని శ్రద్ధ అనిపించుకోదు.

పనికిరాని బండి కోసం ఇంత శ్రమ ఎందుకనే ప్రశ్న మిగిలే ఉంది. ఈ మాటను 1973లో ఇంగ్లండులోని విస్‌బరో గ్రీన్‌లో గడ్డికోత యంత్రాల పందేలు మొదలుపెట్టినవారికీ, 1992లో అమెరికాలో అటువంటి సంఘం ఏర్పరచినవారికీ చాలామంది వేసే ఉంటారు. ప్రయోజనం లేని కర్మ గురించి బ్రహ్మసూత్రాలలో ఒక గంభీరమైన చర్చ ఉంది. కోరదగినదేదీ లేని బ్రహ్మం జగత్తును ఎందుకు సృష్టించిందన్న ఆక్షేపానికి రెండవ అధ్యాయంలో బాదరాయణుడు ఇచ్చిన సమాధానం లీల. లోకంలో జరిగే ఆటవంటిదే ఆ సృష్టి అని. శంకరులు దానిని వివరిస్తూ, కోరికలన్నీ తీరిన రాజు ఏ ప్రయోజనమూ ఆశించకుండా క్రీడించడాన్నీ, మనిషి ఊపిరి దానంతట అది ఆడటాన్నీ ఉదాహరించారు. మనిషి ఆట పూర్తిగా ఆ లీల కాదు. అతనికి తీరని కోరికలున్నాయి, అతని ఆటకు పెట్రోలు ఖర్చవుతుంది, చప్పుడు పొరుగువాడి నిద్ర చెడగొడుతుంది. ఈ లెక్కలను పక్కన పెట్టి లీల అనే మాటను వాడుకోవడం ఆ మాటకు అన్యాయం. అయినా బజారులో కొత్తది దొరుకుతుండగా పాతదానితో వారాల తరబడి కూర్చొని, దాని నుంచి అమ్మకపు ధరగాని కోత పనిగాని ఆశించకుండా, కేవలం అది ఇంకా ఏమి కాగలదో చూడాలని చేసే పనిలో ఆ లీల తునక ఒకటి ఉన్నది. వస్తువును దాని పనితోనే కొలిచే లోకంలో, పని అయిపోయిన వస్తువుకు ఇంకా ఉండే హక్కు ఉన్నదని అంగీకరించడం చిన్న విషయం కాదు, ఎందుకంటే అదే కొలతతో మనుషులను కూడా కొలవడం ఆ లోకానికి అలవాటే.

తెలుగునాట మహానవమి, విజయదశమి రోజులలో పనిముట్లకూ బండ్లకూ పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచే ఆయుధపూజ ఉన్నది. ఆ రోజు పనిముట్టు పని చేయదు. పని చేయనప్పుడే దానికి నమస్కారం జరుగుతుంది. ఏడాదికి ఒక్కరోజు మాత్రమే అందే ఆ దృష్టిని, పసుపు కుంకుమల ఊసే తెలియని విస్కాన్సిన్ షెడ్డులో ఒక మనిషి తుప్పు గీకుతూ నెలల పాటు నిలుపుకొంటున్నాడని అనడంలో అతిశయోక్తి లేదు. ఆ బండి కూడా శాశ్వతం కాదు. నాగసేనుడు మరొకచోట దీపాన్ని ఉదాహరించాడు: రాత్రి మొదటి జామున వెలిగిన జ్వాల, చివరి జామున వెలిగే జ్వాల ఒకటీ కాదు, పూర్తిగా వేరూ కాదు. ఈ హాట్‌రాడ్ కట్టిన మనిషి తరువాత దానిని ఎవరో కొంటారు, లేక అతని పిల్లలు షెడ్డు ఖాళీ చేస్తారు. అప్పుడు మరొకడు వచ్చి, తనకు కావలసినది ముందు ఇరుసు ఒక్కటేనని చెప్పి, దాని బోల్టుకు పానా తగిలించి, బోల్టు కదలక, కొంచెం నూనె పోసి నాననిచ్చి, ఆ లోపల చట్రం మీద మిగిలిన పాత రంగును వేలితో రుద్ది చూస్తాడు.